వయోచింతా విముక్త కార్యాలయం

యర్రంశెట్టి హైమావతికి యాభై ఏడేళ్ళు. ఈ సంగతి ఆవిడకి తెలుసు, మొగుడు భాస్కరానికి తెలుసు, ఆఫీసు బీరువాలో ఉన్న సర్వీసు రిజిస్టరుకి తెలుసు. నాలుగో మనిషికి తెలియనిచ్చేది కాదు. ఆదివారం పొద్దున్నే పాత తువ్వాలొకటి భుజాల మీద కప్పుకుని, పెరట్లో పీటేసుకుని తలకి రంగు పట్టించుకునేది. ఆ సమయంలో సాక్షాత్తూ జిల్లా కలెక్టరే వచ్చి తలుపు తట్టినా, "ఆవిడ ఊళ్ళో లేదండీ" అని భాస్కరం చెప్పి పంపెయ్యాల్సిందే.

ఆవిడ దగ్గర ఇంకో కిటుకు కూడా ఉండేది. మన వాళ్ళలో ఎవరినైనా నోరారా పలకరించాలంటే ముందు వాళ్ళు మనకంటే పెద్దో చిన్నో తేల్చుకోవాలి కదా! అన్నయ్యా అనాలా, తమ్ముడూ అనాలా, అక్కా అనాలా, చెల్లీ అనాలా అని ఓ క్షణం తటపటాయిస్తాం. హైమావతి తటపటాయించేది కాదు. ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపే తీర్పు చెప్పేసేది. చేపలమ్మే కుర్రది అక్క. మీసాలు సరిగ్గా రాని బస్సు కండక్టరు అన్నయ్య. మొన్ననే పెళ్ళయి పక్కింటికి కాపురానికొచ్చిన పిల్ల కూడా అక్కే. ఆ పిల్ల బిత్తరపోయి, "నన్ను పట్టుకుని అక్కంటారేంటి పిన్నిగారూ" అందొకసారి. ఆ రోజు నుంచీ వాళ్ళింటికి వీళ్ళింటి పులుసు వెళ్ళడం ఆగిపోయింది.

మనుషులనైతే నోటితో మాయ చెయ్యొచ్చు గానీ, మోకాళ్ళని ఎలా చేస్తాం? ఆవిడ పనిచేసే కాలువల నిర్వహణ మండలి ఆఫీసు, గోదావరి దిగువన ఓ మోస్తరు పట్నంలో మూడంతస్తుల మేడ. ఆవిడ రికార్డు సెక్షను అన్నిటికన్నా పైన. లిఫ్టు ఉంది, కానీ అది డైరెక్టరు గారు ఎక్కినప్పుడు ఠంచనుగానూ, మిగతా వాళ్ళు ఎక్కినప్పుడు దాని ఇష్టప్రకారమూ నడిచేది. కింది అంతస్తులో తపాలా సెక్షను సీటు ఒకటి వచ్చే నెల ఖాళీ అవుతుందని తెలిసింది హైమావతికి. కిటికీ పక్కన కుర్చీ, నెత్తిన ఫ్యాను, నాలుగడుగుల్లో మంచినీళ్ళు. ఆ సీటు తలుచుకుంటేనే మోకాళ్ళు సగం నెమ్మదించేవి. డాక్టరు చీటీ జతపరిచి దరఖాస్తు పెట్టేసింది. వయసు రాయాల్సిన చోట మాత్రం పెన్ను మొరాయించింది. "రిజిస్టరు ప్రకారం" అని రాసి ఊరుకుంది.

సరిగ్గా ఆ వారమే డైరెక్టరు ప్రభంజనరావు గారు ఏదో చల్లటి కొండ మీద జరిగిన సదస్సు నుంచి తిరిగొచ్చారు.

ప్రభంజనరావు గారి గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఆయనకి అరవై ఒకటి దాటింది. ఆర్నెల్లలో రిటైరవ్వాలి. ఆ మర్నాటి నుంచీ గుమ్మం ముందు కారుండదనీ, తను గదిలో అడుగు పెడితే ఎవరూ లేచి నుంచోరనీ, సంతకం పెట్టడానికి కరెంటు బిల్లు తప్ప ఇంకేమీ మిగలదనీ తలుచుకుంటే ఆయనకి అన్నం సయించేది కాదు. అటువంటి మనిషికి ఆ కొండ మీద ఉల్లాస్ బాబు అనే సలహాదారు తగిలాడు. చెవికి మైకు తగిలించుకుని వేదిక మీద గెంతుతూ, "వయసు ఒంట్లో ఉండదు! వయసు గురించిన బెంగే వయసు! బెంగ తీసెయ్యండి, వయసు ఎక్కడుందో చూపించండి!" అన్నాడట. ప్రభంజనరావు గారికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఉల్లాస్ బాబుని వెంటబెట్టుకుని మరీ కొండ దిగారు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"విషయం: సిబ్బందిలో వయోచింత నిర్మూలన, తత్సంబంధిత చర్యలు చేపట్టుట గురించి. వృద్ధాప్యమునకు మూలము వయస్సు కాదనియు, వయస్సును గూర్చిన చింతయే మూలమనియు నిర్ధారణ అయినందున, ఇందుమూలముగా ఈ కార్యాలయమును వయోచింతా విముక్త కార్యాలయముగా ప్రకటించడమైనది. వయస్సును స్ఫురింపజేయు వస్తువులు, పదములు, దృశ్యములు తక్షణమే తొలగించవలెను."

తొలగించడం మొదలుపెట్టారు. హాల్లో వరసగా వేలాడుతున్న పాత డైరెక్టర్ల ఫొటోలు దించేశారు, అందరూ ముసలాళ్ళే కనక. మీటింగుల్లో "సభకు విచ్చేసిన పెద్దలకు" అనడం మానేశారు. కళ్ళజోడు పెట్టుకుంటే వయసు గుర్తొస్తుందని అవీ నిషేధించి, దానికి బదులు ఫైళ్ళలో అక్షరాలు పెద్దవి చేయించారు. పేజీకి నాలుగు మాటలు పట్టేవి. కాలవకి పడిన గండి పూడ్చమన్న ఉత్తర్వొకటి రెండు గంపల్లో మోసుకెళ్ళాల్సొచ్చింది. అది చేరేసరికి గండి కూడా బాగా పెద్దదైంది.

హైమావతికి నెత్తిన పాలు పోసినట్టయింది. ఇన్నాళ్ళూ తను ఒంటరిగా పెరట్లో కూర్చుని చేస్తున్న పోరాటానికి ప్రభుత్వమే దిగొచ్చిందనుకుంది. "చూశారా, పెద్ద పెద్ద వాళ్ళే చెబుతున్నారు, అంతా మనసులోనే ఉందిట" అంది మొగుడితో. భాస్కరం పేపరు చాటునుంచి, "మరి మోకాళ్ళకి నూనె రాయమంటావేం రోజూ" అన్నాడు. 

ఆ వారాంతానికి మెట్లకున్న కమ్మీలు పీకేశారు. కమ్మీ కనిపిస్తే చెయ్యి దాన్ని పట్టుకోవాలనుకుంటుందట, చెయ్యి అలా అనుకోగానే మనిషి ముసలాడైపోతాడట. లిఫ్టుకి తాళం వేసి, "యువత మెట్లెక్కుతుంది" అని పలక తగిలించారు. డైరెక్టరు గారి గది మాత్రం పరిపాలనా సౌలభ్యం కోసం కిందికి మారింది. హైమావతి గోడ పట్టుకుని పైకి చేరేసరికి పదిన్నరైంది. హాజరు పట్టీలో ఆలస్యం గుర్తు పడింది.

తర్వాత అసలు కథ. ప్రతి ఉద్యోగీ తన "అనుభూత వయస్సు", అంటే లోపల తనకి ఎన్నేళ్ళనిపిస్తోందో ఆ అంకె రాసి సంతకం పెట్టాలన్నారు. ఇకనుంచి ఆఫీసు వ్యవహారాలన్నిటికీ అదే వయసు చెల్లుతుంది. పుట్టినరోజు తల్లిదండ్రులు నిర్ణయించింది గనక అందులో ఉద్యోగి సమ్మతి లేదనీ, అది ప్రజాస్వామ్య విరుద్ధమనీ ఉల్లాస్ బాబు విడమరిచి చెప్పాడు.

కాగితాలు పట్టుకుని అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సూపరింటెండెంటు త్రిమూర్తులు గారు యాభై తొమ్మిదేళ్ళ మనిషి, ఏ పనైనా పక్కవాడు చేశాక చేసే రకం. "మరీ తగ్గిస్తే బావుండదేమోనండీ" అని గొణిగి, నలభై ఒకటి వేశారు. ప్రభంజనరావు గారు పళ్ళు బిగబట్టి ఇరవై ఆరు వేశారు. అటెండరు నూకరాజుకి నిజంగానే ఇరవై ఎనిమిది. వాడు ఏం తగ్గించాలో తోచక ఇరవై ఎనిమిదే వేశాడు. హైమావతి వంతొచ్చింది. ముప్పై తొమ్మిది వేద్దామనుకుంది, ముప్పై ఆరు అనుకుంది, చివరికి కళ్ళు మూసుకుని ముప్పై మూడు వేసేసింది. సంతకం పెడుతుంటే పెళ్ళినాటి సిగ్గు వచ్చింది.

"గవర్నమెంటు లెక్కల్లో నాకిప్పుడు ముప్పై మూడు" అంది సాయంత్రం ఇంటికొచ్చి, సంచి ఇంకా దించకుండానే.

"ఓహో! మనబ్బాయికి ముప్పై ఒకటి. రెండో ఏట కన్నావన్నమాట. అన్నప్రాశనా, పురుడూ కలిపి చేశారేమో మీ వాళ్ళు" అన్నాడు భాస్కరం.

ఆ రాత్రి ఆయనకి చారు మాత్రమే దక్కింది.

మర్నాడు దరఖాస్తు తిరిగొచ్చింది. "దరఖాస్తుదారు అనుభూత వయస్సు ముప్పై మూడు అయినందున, మోకాళ్ళ నొప్పి అను అంశము వర్తించదు. సదరు తపాలా సీటు కోరిక తిరస్కరించడమైనది." కింద ఇంకో ముక్క ఉంది. ముప్పై ఐదేళ్ళ లోపు వాళ్ళందరూ యువ దళం. కాలవ నీళ్ళు ఆపే లాకుల తలుపుల మీద నడిచి తుప్పు పరీక్షించే పని ఇకనుంచి వాళ్ళది. ఇరవై ఆరేళ్ళ డైరెక్టరు గారు మాత్రం అంత లేత వయసులోనే అంత బరువు మోస్తున్నందువల్ల మినహాయింపు.

ఆ లెక్కన హైమావతీ యువ దళమే. బుధవారం నాడు జీపెక్కించి లాకుల దగ్గరికి తీసుకెళ్ళారు. కింద నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి, పైన జానెడు వెడల్పు ఇనప తలుపు. ముందు నూకరాజు ఈల వేసుకుంటూ దాటేశాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ఉన్న దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలుస్తూ కూర్చుని జరిగింది. ఒడ్డుకొచ్చాక లాకుల కాపలాదారు నీళ్ళిచ్చి, "ఏవమ్మా, ఈ వయసులో మీకిదేం పనమ్మా?" అన్నాడు. మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి వాడితో జన్మలో మాట్లాడేది కాదు. ఆ రోజు ఆ మాట ఆవిడకి చల్లటి మజ్జిగలా దిగింది.

ఇంతలో పలకరింపుల సర్క్యులర్ వచ్చిపడింది. అక్క, అన్న, చెల్లి, తమ్ముడు అనే వరసలు ఇకపై అనుభూత వయస్సుని బట్టే నడవాలి. "సార్" అనే పదంలో ఎదుటివాడు పెద్దవాడన్న అనుమానం ధ్వనిస్తోంది గనక అదీ రద్దు. ప్రభంజనరావు గారు ఉత్సాహంగా సంతకం పెట్టారు గానీ, సాయంత్రం అటెండరు కోసం గంట కొట్టాక అసలు సంగతి తెలిసింది.

"నూకరాజూ, టీ పట్రా."

"అన్నయ్యా అనాలి తమ్ముడూ" అన్నాడు నూకరాజు గుమ్మంలోనే నుంచుని. "నాకు ఇరవై ఎనిమిది, నీకు ఇరవై ఆరు. నేనంటే బావుండదు గానీ, సర్క్యులర్ నీదే."

ప్రభంజనరావు గారు దిక్కు కోసం చూశారు. పక్కనే ఉల్లాస్ బాబు మెచ్చుకోలుగా తలాడిస్తున్నాడు. "అన్నయ్యా," అన్నారు గుటకేసి, "కాస్త టీ..."

"తమ్ముడు కూర్చునుంటే అన్న టీ మొయ్యడం మా ఇళ్ళలో లేదమ్మా. నాకూ ఒకటి పట్రా, పంచదార తక్కువ."

ముప్పై ఏడేళ్ళ సర్వీసులో మొదటిసారి ప్రభంజనరావు గారు క్యాంటీన్‌కి దారడిగి వెళ్ళారు. దారి చూపించినవాడు "ఏరా అబ్బాయ్, కొత్తగా చేరావా?" అన్నాడు. వాడు ముప్పై రెండు వేసుకున్నాడు మరి.

శుక్రవారం నాడు హైమావతి చేతిలో రికార్డులతో మెట్లు దిగుతుంటే మోకాలు మడతపడింది. చెయ్యి అలవాటుకొద్దీ కమ్మీ కోసం గాలిలో వెతికింది. కమ్మీ లేదు. కట్టలన్నీ కింది మలుపు దాకా దొర్లాయి. ఆవిడ మెట్టు మీద చతికిలబడిపోయింది. పెద్ద దెబ్బేం కాదు, కానీ లేవలేకపోయింది. పైనుంచి వచ్చేవాళ్ళు పక్కనుంచి దాటుకుంటూ పోతున్నారు, పడిపోయిన మనిషిని లేవదీస్తే వయసు గుర్తుచేసినట్టవుతుందని రూలుంది. ఎంతసేపటికో నూకరాజు వచ్చి చెయ్యందించాడు.

"నాకు యాభై ఏడురా నూకరాజూ" అంది ఆవిడ, ఏడుపు ఆపుకోలేక. జీవితంలో మొదటిసారి ఆ అంకె పైకి అంది. అన్నాక ఏమీ కూలిపోలేదు. మోకాలు మాత్రం నొప్పెడుతూనే ఉంది.

"నాకెప్పుడో తెలుసక్కా" అన్నాడు వాడు.

"చచ్చినాడా, ఎలా తెలుసురా?"

"అందరికీ తెలుసు."

ఆవిడ ఇంకాస్త ఏడ్చి, ముక్కు చీదుకుని, లేచింది. నిజం చెప్పేసి కింద సీటు తెచ్చుకుందామని నిశ్చయించుకుంది. అదేం పెద్ద పని అనుకుంది, పాపం.

అనుభూత వయస్సు పెంచుకోవాలంటే చింతా నిర్ధారణ కమిటీ ముందు హాజరవ్వాలి. కమిటీలో ప్రభంజనరావు గారు, త్రిమూర్తులు గారు, ఉల్లాస్ బాబు.

"చెప్పండి అక్కయ్యా, ఏమిటి మీ సమస్య?" అన్నారు ప్రభంజనరావు గారు.

"నా వయసు యాభై ఏడని రాసుకోండి సార్."

"సార్ అనకూడదు. మేం కూడా నియమాలకి అతీతులం కాదు."

"సరే, యాభై ఏడని రాసుకో తమ్ముడూ. నాకు కింద సీటు ఇప్పించు, నీకు పుణ్యముంటుంది."

ఉల్లాస్ బాబు ముందుకు వంగాడు. "వయసంటే మీకు భయమా మేడమ్?"

"భయమే బాబూ. లేకపోతే ముప్పై మూడని ఎందుకు రాసి చస్తాను?"

"అదిగో! భయముంటే అది చింత. చింతలో ఉన్న మనిషి చెప్పే వయసు చెల్లదు. ముందు చింత పోవాలి."

హైమావతి ఆలోచించింది. "పోనీ, పోయింది. ఇప్పుడు భయం లేదు."

"అద్భుతం!" ఉల్లాస్ బాబు కుర్చీలోంచి లేచాడు. "భయం లేని వాళ్ళకి వయసుండదు. మీకు ముప్పై మూడు కూడా ఎక్కువే. చప్పట్లు!"

ముగ్గురూ చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులు గారు పక్కవాళ్ళు మొదలుపెట్టాక కొట్టారు.

"మరి నా మోకాళ్ళు?"

"మోకాళ్ళు మనసు మాట వింటాయి మేడమ్."

"ఇన్నాళ్ళూ వినలేదే!"

"మీరు గట్టిగా చెప్పి ఉండరు" అన్నాడు ఉల్లాస్ బాబు, ఎంతో దయగా.

హైమావతికి ఒళ్ళు మండిపోయింది. కుర్చీ పక్కకి నెట్టి బయటికొచ్చింది. తపాలా సీటు అప్పటికే ఖాళీ అయింది. దాని మీద ఎవరో గొడుగు ఆరబెట్టుకున్నారు.

ఈలోగా కాలువల మండలి పేరు రాజధాని దాకా పాకింది. "అత్యంత యువ కార్యాలయం" అని చెక్కిన బహుమతి డాలు ఒకటి పంపారు. ప్రభంజనరావు గారు దాన్ని గుండెకి హత్తుకుని ఫొటో దిగారు. ఇరవై ఆరేళ్ళవాడు కనక ఇంకా ముప్పై ఆరేళ్ళు సర్వీసుందని ఆయన లోలోపల లెక్కేసుకుని హాయిగా నిద్రపోతున్నారు. కారు ఎక్కడికీ పోదు. మనుషులు లేవడం మానరు. డాలు వచ్చిన వారానికి ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది.

"మీ విధానమును రాష్ట్రమంతటా అమలు చేయుటకు హర్షముతో ఆమోదించడమైనది. అయితే ఇరవై ఆరు సంవత్సరముల వ్యక్తి డైరెక్టరు పదవిలో కొనసాగుట నిబంధనలకు విరుద్ధము. సదరు వ్యక్తిని శిక్షణార్థిగా పరిగణించి రికార్డు సెక్షనుకు పంపవలెను. కార్యాలయములో అత్యధిక అనుభూత వయస్సు కలిగిన ఉద్యోగికి ఈ సాయంత్రములోగా బాధ్యతలు అప్పగించవలెను."

ప్రభంజనరావు గారు ఉత్తరం చదివి కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు. అత్యధికం ఎవరు? నలభై ఒక్కేళ్ళ త్రిమూర్తులు! అప్పటికే ఆ వార్త ఎలా పొక్కిందో, త్రిమూర్తులు గారు గుమ్మంలో నుంచుని డైరెక్టరు గది గోడల రంగు వైపు చూస్తూ, "ఇది మార్పించాలి" అంటున్నారు.

అరగంటలో సవరణ సర్క్యులర్ వెలువడింది. "యౌవనమును గూర్చిన వ్యామోహము కూడా ఒక విధమైన వయోచింతయేనని తాజాగా గుర్తించడమైనది. అనుభవమే వయస్సు. అనుభూత వయస్సును పైకి సవరించుకొనుటకు సాయంత్రము ఐదు గంటల వరకు అవకాశము కల్పించడమైనది." దాని కింద ప్రభంజనరావు గారు తన అంకె కూడా వేసేశారు. అరవై ఎనిమిది.

త్రిమూర్తులు గారు జీవితంలో మొదటిసారి పక్కవాడి కోసం చూడకుండా డెబ్బై వేశారు. ప్రభంజనరావు గారు డెబ్బై ఐదు వేశారు. నూకరాజు మెట్ల మలుపులో నుంచుని అరిచాడు, "కింద డెబ్బై ఐదు కొట్టారండోయ్!" ఇంకేముంది, మేడంతా వేలంపాటైపోయింది. కుర్చీ రాకపోయినా ఫరవాలేదు, పెద్దవాళ్ళయితే టీ మొయ్యక్కర్లేదు, లాకులెక్కక్కర్లేదు అని మిగతా వాళ్ళందరూ ఎగబడ్డారు. టైపిస్టు ఎనభై రెండు. ఖజానా గుమాస్తా ఎనభై ఏడు. మొన్నటిదాకా మెట్లు రెండేసి ఎగిరిన వాళ్ళు నడుం మీద చెయ్యేసుకుని ఊపిరి తీస్తున్నారు. ఒకాయన శాలువా కప్పుకున్నాడు, ఇంకొకాయన చీపురుకర్ర ఊతంగా తెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి కమ్మీలు మళ్ళీ బిగించారు. లిఫ్టు తాళం తీశారు, కానీ ఎనభై దాటినవాళ్ళకే. తపాలా సీటు కూడా ఎనభై పైబడ్డవాళ్ళకే అని రాసి గోడకి అంటించారు.

"తొంభై రాసెయ్యక్కా, సీటు నీదే" అన్నాడు నూకరాజు. వాడు అప్పటికే తొంభై వేసి, బల్ల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

హైమావతి కాగితం ముందేసుకుంది. కిటికీ పక్క కుర్చీ, ఫ్యాను, మంచినీళ్ళు. ఒక్క అంకె వేస్తే చాలు, మోకాళ్ళకి విముక్తి. పెన్ను కదిలింది కూడా. అప్పుడావిడకి తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. ముప్పై మూడు రాసినందుకు జానెడు తలుపు మీద ప్రాణాలు అరచేత పెట్టుకుని డేకాల్సొచ్చింది. తొంభై రాస్తే ఇంకేం చేయిస్తారో! అయినా ఈ యాభై ఏడూ ఎవరు బతికారు? పిల్లాడికి జ్వరమొచ్చిన రాత్రుళ్ళు, అత్తగారి మంచం పక్కన కూర్చున్న నెలలు, వరదొచ్చినప్పుడు మోకాల్లోతు నీళ్ళలో రికార్డులు నెత్తిన పెట్టుకుని మోసిన రోజులు, అవన్నీ తనవి. వాటిల్లో ఒకటి తీసెయ్యడానికి గానీ, లేనివి కలపడానికి గానీ వీళ్ళెవరు? "నా ఏళ్ళు నావి" అని పైకే అనేసి, యాభై ఏడు వేసి, సంతకం పెట్టి ఇచ్చేసింది.

కాగితం చూసి సెక్షనంతా ఘొల్లుమంది. "యాభై ఏడా! చంటిపిల్ల!" అన్నాడు ఎనభై ఏడేళ్ళ ఖజానా గుమాస్తా, నకిలీ దగ్గు మధ్యలోంచి. "ఆఫీసు మొత్తానికీ నువ్వే చిన్నదానివమ్మా. ఆ కట్టలన్నీ పైకి మోసుకురా." హైమావతి మోసింది. కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ, ఏడుస్తూ మోసింది. అయినా ఆ అంకె మార్చమని అడగలేదు.

ఐదు కొట్టేసరికి ప్రభంజనరావు గారు తొంభై ఆరుతో నెగ్గారు. త్రిమూర్తులు గారు తొంభై నాలుగు దగ్గర ధైర్యం చాలక ఆగిపోయారు.

మర్నాడు ఉదయం ప్రధాన కార్యాలయం నుంచి జాయింటు సెక్రటరీ గారే స్వయంగా కారులో దిగారు. వెంట ఒక శాలువా, ఒక పూలదండ. ప్రభంజనరావు గారు తనకే సన్మానమనుకుని మెడ ముందుకి చాపారు. దండ వేశాక జాయింటు సెక్రటరీ గారు ఉత్తర్వు చదివారు.

"ఈ కార్యాలయములో అరవై రెండు సంవత్సరములు పైబడినవారు పెద్ద సంఖ్యలో విధుల్లో కొనసాగుతున్నట్లు నిన్నటి నివేదిక ద్వారా దృష్టికి వచ్చినది. ఇది తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యము. వారందరినీ తక్షణమే పదవీ విరమణ చేయించడమైనది."

"అయ్యా, నాకింకా ఆర్నెల్లుందండీ!" ప్రభంజనరావు గారు దండ తీసెయ్యబోయారు. "నాకు అరవై ఒకటేనండీ! నిజం! మా అమ్మ తోడు!"

"తొంభై ఆరని మీ సంతకం ఉంది కదండీ" అన్నారు జాయింటు సెక్రటరీ గారు, మర్యాదగా. "రూలు కంటే ముప్పై నాలుగేళ్ళు ఎక్కువ ఉండిపోయారు. అంతకాలం ఎలా దాచారో మేం అడగాలి."

ఒకే దండ ఒక మెడలోంచి ఇంకో మెడలోకి మారుతూ పోయింది. త్రిమూర్తులు గారి దగ్గరికొచ్చేసరికి సగం పూలు రాలాయి, నూకరాజుకి దారం దక్కింది. ఇరవై ఎనిమిదేళ్ళకి రిటైరైన కొడుకుని చూసి వాళ్ళమ్మ గుండెలు బాదుకుంది గానీ, నెల తిరక్కుండానే వాడికి నాలుగు సంబంధాలొచ్చాయి, పెన్షనుంది కదాని. ఉల్లాస్ బాబు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు జాయింటు సెక్రటరీ గారి కారులోనే ఎక్కి, "సార్, మరణభయం మీద మా దగ్గర ఇంకో మంచి కార్యక్రమం ఉంది" అంటూ వెళ్ళాడు.

ప్రభంజనరావు గారు బయటికి నడిచారు. కారు లేదు. హాల్లో ఎవరూ లేచి నుంచోలేదు, నుంచోవడానికి ఎవరూ మిగల్లేదు. అడుగుల చప్పుడు విని హైమావతి ఒక్కతే పై నుంచి తొంగి చూసింది. ఆయన మెట్ల దగ్గర ఆగి, గోడ వైపు తిరిగి, చేతిరుమాలు తీశారు. ఆవిడకి జాలేసింది. కిందికి దిగొచ్చి ఒక రిక్షా పిలిచిపెట్టింది.

ఖాళీ మేడలో ఉన్న ఒకే ఒక్క ఉద్యోగికి ఇన్‌చార్జి డైరెక్టరుగా బాధ్యతలు అప్పగించారు. హైమావతి ముందు చేసిన పని, తపాలా సీటు మీద ఆరబెట్టిన గొడుగు తీసి పక్కన పెట్టడం. ఫ్యాను వేసుకుంది. మోకాళ్ళు చాపుకుంది. పదిహేను రోజులు ఒక్కతే గండ్లు పూడ్పించింది, అర్జీలకి జవాబులిచ్చింది. గంపల అవసరం రాకుండా కళ్ళజోడు పెట్టుకుని రాసింది.

పదహారో రోజున ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మీ కార్యాలయ సిబ్బంది సగటు వయస్సు రాష్ట్రములోకెల్లా అత్యధికముగా నమోదైనది, సదరు సగటును వెంటనే తగ్గించి, తీసుకున్న చర్యలను తిరుగుటపాలో తెలుపవలెను, అని అందులో ఉంది.

హైమావతి కళ్ళజోడు సర్దుకుని, తెల్లకాగితం తీసుకుని, తన చేత్తోనే రాసింది.

"విషయం: సగటు వయస్సు తగ్గించుట గురించి. మనవి చేయునదేమనగా, ఈ కార్యాలయములో ఉన్నది నేనొక్కదాన్ని. నాకు యాభై ఏడు. తగ్గదు. వచ్చే శ్రావణానికి యాభై ఎనిమిది."